చుట్టపుచూపుకు కానుక

విశాఖపట్నం వైపు నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవాళ్ళకి వేమగిరి, కడియపులంక దాటాక గౌతమి గట్టున తగిలే ఊరు జొన్నాడ. వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు రావులపాలెం, అక్కణ్ణుంచి కోనసీమ లోపలికి దారి. వంతెన ఎక్కకుండా పక్కకి తిరిగితే ఆలమూరు, మండపేట. పేరులో జొన్న వినిపిస్తుంది గానీ చుట్టూ ఉన్నది వరి, అరటి, కొబ్బరి. శని, ఆదివారాలు వస్తే ఈ కూడలిలో బయటి ఊళ్ళ కార్లు ఎక్కువ కనిపిస్తాయి. ఆత్రేయపురం మండలం వాడపల్లిలో వెంకన్నకి ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకున్నవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఇంత దూరం వచ్చాక ఈ చుట్టుపక్కల ఉన్న పిన్నిగారింట్లోనో, మేనమామ ఇంట్లోనో, వియ్యాలవారింట్లోనో దిగకుండా పోవడం బాగుండదు. శుక్రవారం రాత్రి దిగుతారు, శనివారం దర్శనం, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ప్రయాణం. ఇలా వచ్చి వెళ్ళడానికి తెలుగులో చుట్టపుచూపు అని పేరు.

ఆ మాటని ఒకసారి విడదీసి చూడండి. చుట్టం అంటే చుట్టూ ఉన్నవాడు. తమిళంలో బంధువర్గాన్ని చుఱ్ఱం అంటారు. చుట్టుకుని ఉండటమే రెండింటికీ మూలం. అందులో వింతేమీ లేదు. రెండో ముక్క చూపు. రెండు రోజులు ఉన్నారు, తిన్నారు, పడుకున్నారు, పిల్లలు పెరడంతా తొక్కేశారు. అంతటికీ కలిపి భాష పెట్టుకున్న పేరు చూపు. మన రాకపోకల మాటలన్నీ దాదాపు కంటి చుట్టూనే తిరుగుతాయి. "ఊరికే, మిమ్మల్ని ఓసారి చూసిపోదామని వచ్చామండీ" అంటాడు వచ్చినవాడు. "అప్పుడప్పుడూ కనబడుతూ ఉండండి" అంటాడు ఇంటాయన. పిల్లని చూడటానికి వెళితే అవి పెళ్ళిచూపులు. పురిటి మంచం దగ్గరికైనా, ఆసుపత్రికైనా వెళ్ళేది చూడటానికే.

ఆ చూపుకి వెళ్ళేటప్పుడు చేతిలో పట్టుకెళ్ళేదానికి మనకున్న పాత మాట కానుక. ఇదీ కంటి మాటే. కను, కన్ను, కాంచు, కానవచ్చు, కానరాదు, కనుగొను అన్నవి ఏ ధాతువు పిల్లలో, కానుకా ఆ ధాతువు పిల్లే. తమిళంలో కాణిక్కై, మలయాళంలో కాణిక్క, కన్నడంలో కాణికె అన్నీ దీని అప్పచెల్లెళ్ళు. బరో, ఎమెనోలు 1961లో అచ్చువేసి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఇవన్నీ 'చూడు' అనే మూలం కిందే వరసగా కూర్చుని ఉంటాయి. మలయాళంలో రాజుకి సమర్పించే కానుకని తిరుముల్కాళ్చ అంటారు. కాళ్చ అంటే నేరుగా చూపే. దక్షిణాది భాషలన్నీ కలిసి ఒక్క సంగతి మీద ఇంత గట్టిగా నిలబడ్డాయంటే, ఆ ఆచారం ఆ భాషలు విడిపోక ముందటిదై ఉండాలని నాకు అనిపిస్తుంది. ఎవరినైనా చూడటానికి వెళ్ళినప్పుడు చూపించి చేతిలో పెట్టేది కానుక.

సంస్కృతం ఇదే పనిని కాళ్ళ వైపు నుంచి చెప్పింది. ఉపాయనం అంటే దగ్గరికి వెళ్ళడం. ఆ వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేదానికీ అదే పేరయింది. మన పాత నిఘంటువులు కానుక పక్కన ఉపాయనమని అర్థం రాస్తాయి. ఒకటి చూపు, ఇంకొకటి నడక. రెండూ ఇంట్లోకి అడుగుపెట్టే వేళ మాటలే. నజరానా కూడా చూపు మాటేనని చాలామంది అనుకుంటారు, నజర్ అంటే చూపు కదా అని. అది పొరపాటు. అరబ్బీలో వేర్వేరు అక్షరాలతో రాసే రెండు మాటలు తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఒకటైపోయాయి. ఒక నజర్ చూపు, ఇంకో నజర్ మొక్కు. నజరానా పుట్టింది మొక్కులోంచి. బహుమానం, బహుమతి అన్నవి మరో దారి: రెండింటికీ మొదటి అర్థం ఎక్కువ గౌరవం. మనసులో ఉండే ఆ గౌరవం తెలుగులోకి వచ్చాక చేతికిచ్చే వస్తువైంది, ఆ తర్వాత పరుగుపందెంలో గెలిచే కప్పూ అయింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తేలిన సంగతి ఒకటుంది. కానుక రాకకి సంబంధించిన మాట. పోయేటప్పుడు లెక్క తీర్చుకోవడానికి ఇచ్చేది ఈ మాటలో లేదు. రెండు రోజులు పెట్టిన భోజనానికి బదులుగా మూడో రోజు ఇచ్చే వస్తువుకి మనవాళ్ళు పేరు పెట్టలేదు. పేరు పెట్టలేదంటే విశ్వాసం లేక కాదు. ఇవ్వాల్సినది గుమ్మంలోనే ఇచ్చేశారు గనుక. ఇంకా అన్నం తినకముందే, పక్క వేయకముందే, వాళ్ళు ఎలా చూస్తారో తెలియకముందే ఇచ్చినది. తిన్నాక ఇస్తే తిండికి వెల కట్టినట్టవుతుందన్న బెరుకు ఈ మాటలో ఎప్పటినుంచో ఉంది.

ఒట్టి చేతులతో వెళ్ళకూడని చోట్లు ఇవీ అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతూనే ఉంటారు. గుడి, గురువు, చూలాలు, పసిపిల్లలున్న ఇల్లు. సంస్కృతంలోనూ రాజునీ దేవుణ్ణీ గురువునీ ఖాళీ చేతులతో చూడరాదని ఒక పాత నియమం ఉంది. అక్కడ వాడిన క్రియ కూడా చూడటమే. పుట్టిన బిడ్డని మొదటిసారి చూసినప్పుడు ఆ చిన్న గుప్పిట్లో నోటు పెట్టి మూయించడం ఈ నియమానికి అన్నిటికన్నా ముద్దొచ్చే రూపం. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుని చూడవచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించిన చోట తెలుగు బైబిల్ అనువాదకులు కానుకలు అని రాశారు. అంతకన్నా సరైన మాట వాళ్ళకి దొరికేది కాదు. కోనసీమ చర్చిల్లో ఆదివారం ఆరాధనలో తిరిగే సంచీలో పడేవీ కానుకలే, వాడపల్లి హుండీలో శనివారం పడేవీ కానుకలే.

కానుక ఇచ్చే తీరు కూడా చూడదగ్గది. గోదావరి జిల్లాల ఇళ్ళలో అతిథి తెచ్చినదాన్ని "ఇది మీకు" అని ఎదురుగా నిలబడి ఇవ్వడం తక్కువ. సంచీ గుమ్మం పక్కన పెడతాడు, లేకపోతే వంటింటి వైపు నడిచి ఇంటావిడ చేతికి అందిస్తాడు. "ఇయ్యన్నీ ఎందుకండీ ఇప్పుడు? మీరు రావడమే చాలు" అని ఆవిడ తప్పకుండా అంటుంది. "ఏమీ లేదండీ వదినగారూ, పిల్లలకి" అని ఇతను తప్పకుండా అంటాడు. ఆ ఇంట్లో పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నా, పెళ్ళయి బెంగుళూరులో కాపురం ఉంటున్నా, తెచ్చినది పిల్లలకే. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవారికీ మధ్య ఒక పసిబిడ్డని నిలబెట్టి, పుచ్చుకోవడంలో ఉండే మొహమాటాన్ని ఆ బిడ్డ మీదుగా దాటించేస్తారు. వచ్చినవాడి ముందే పొట్లం విప్పి చూడటం మనకి మర్యాద కాదు. జపానువాళ్ళకీ అంతే. వాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేదాన్ని తెమియాగే అంటారు. తె అంటే చెయ్యి. ప్రయాణం నుంచి తిరిగొచ్చి తనవాళ్ళకి పంచేదానికి ఒమియాగే అని వేరే పేరు. ఆ తేడా పాటించడం నాకు చాలా నచ్చుతుంది.

కానుకకి ఒక దిశ ఉంది. దానం ఉన్నవాడి నుంచి లేనివాడికి పోతుంది. కానుక దేవుడికి, రాజుకి, పెద్దకి, అంటే పైకి పోతుంది. కనుక చుట్టపుచూపుగా వచ్చినవాడు గుమ్మంలో కానుక ఇస్తున్నాడంటే ఈ ఇంట్లో పెద్దరికం మీది అని ఒప్పుకుంటున్నాడు. వచ్చినవాడు కలెక్టరు కావచ్చు, ఇంటాయన రెండెకరాల అరటి రైతు కావచ్చు. ఆ రెండు రోజులూ పెద్ద ఇంటాయనే. ప్రభుత్వాలు ఈ మాటని తీసుకున్న తీరు కూడా ఇక్కడ గుర్తొస్తుంది. 2015 సంక్రాంతికి చంద్రన్న కానుక, 2020 అక్టోబరులో జగనన్న విద్యా కానుక, ఆ మధ్య పింఛనుకీ కానుకే. పేర్లు పెట్టినవాళ్ళు పండగ మాట అనుకుని పెట్టి ఉంటారు. మాట పాత అర్థంలో చూస్తే కానుక పుచ్చుకునేవాడు పెద్ద, ఇచ్చేవాడు దర్శనానికి వచ్చినవాడు. ప్రజలకిచ్చేదాన్ని కానుక అన్నప్పుడు ఆ పెద్దరికం ప్రజలకే ఒప్పజెప్పినట్టు. పింఛను లాంటి హక్కుకి ఆ పేరు తగదని నా అభిప్రాయం గానీ, మాట మాత్రం తన పాత సంగతి తాను చెబుతూనే ఉంది.

మిగిలిన ఇచ్చిపుచ్చుకోళ్ళ మాటలకి ఇంత మంచి గతి పట్టలేదు. ముడుపు అంటే దేవుడి పేర గుడ్డలో ముడివేసి ఉంచిన సొమ్ము. ఈనాటి పత్రికల్లో ముడుపులంటే లంచాలు. మామూలు అరబ్బీలో ఆనవాయితీ. ఇప్పుడు పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతోంది. చదివింపు పెళ్ళిపందిట్లో ఎవరు ఎంత ఇచ్చారో పైకి చదివించడం వల్ల వచ్చిన మాట, అంటే లెక్క రాసి, వినిపించి, తర్వాత వాళ్ళింటి పెళ్ళికి తిరిగి చెల్లించే పద్ధతి. కానుకని ఎవరూ చదవరు, రాసుకోరు. బహుశా అందుకే అది ఇంకా శుభ్రంగా మిగిలింది.

ఇక ఆదివారం మధ్యాహ్నం.  మన ఆచారంలో ఇది ఇంటివాళ్ళు ఇచ్చే వేళ. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, రవికెల గుడ్డ, పండు, తాంబూలం చేతిలో పెడతారు. వ్రతాల్లో వాయనం ఇచ్చిన ఆమె ఇచ్చానని పైకి చెబుతుంది, పుచ్చుకున్న ఆమె పుచ్చుకున్నానని చెబుతుంది. ఇక్కడ అంత మంత్రం లేకపోయినా పుచ్చుకోకుండా గుమ్మం దాటడానికి వీల్లేదన్నది అదే పట్టుదల. తర్వాత కారు డిక్కీ తెరుస్తారు. వలిచిన కొబ్బరికాయలు, కర్పూరమో చక్రకేళియో పండిన గెల, గెల పట్టదంటే రెండు హస్తాలు. (అరటి గెలలో ఒక్కో వరసని హస్తం అంటారు, పల్లె నోట్లో అది అత్తం. వచ్చినవాడి చేతులు ఖాళీగా పోకుండా నిండు చెయ్యే పెట్టి పంపడం!) పనస దొరికే రోజుల్లో కొట్టి ఉంచిన పనసపొట్టు, ఒక సీసా ఆవకాయ, మామిడితాండ్ర. "ఎందుకండీ ఇన్ని" అనబోతే "పెరట్లో కాసినయ్యేనండీ, కొన్నయ్యి కాదు, ఆయ్" అంటారు. పూతరేకుల డబ్బా మాత్రం కొన్నదే; ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ డబ్బా లేకుండా అతిథిని పంపడం ఇంకా కష్టమైంది. మండపేట దారిన పోయేవాళ్ళకైతే తాపేశ్వరం మడతకాజా. ఆ కాజా కూడా సంస్కృతపు ఖాద్యం అరిగి అరిగి మిగిలిన ముక్కే, తినదగినదని అర్థం.

ఈ పద్ధతినంతా ఇక్కడ మర్యాద అంటారు. గోదారి మర్యాదలని పేరు పడ్డది ఇదే. సంస్కృతంలో మర్యాద అంటే హద్దు, పొలిమేర, సముద్రానికి చెలియలికట్ట. హద్దుకి పేరైన మాట ఇక్కడ విస్తట్లో చెయ్యి అడ్డుపెట్టినా ఆగని వడ్డనకి పేరైంది. కానీ పాత అర్థం పూర్తిగా పోలేదు, కానుక విషయంలో అది ఇంకా పనిచేస్తుంది. చుట్టపుచూపుకి వెళ్ళి పట్టుచీర పెట్టినవాడు ఇంటివాళ్ళని ఇబ్బంది పెట్టినట్టే. రేపు వీళ్ళు అతని ఇంటికి వెళ్ళాలంటే అంతకి తూగేది వెతకాలి. తూగకపోతే వెళ్ళడమే మానేస్తారు. అలా రాకపోకలు తెగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఇంటివాళ్ళు మళ్ళీ తలుచుకుని బరువు పడని మేరకే కానుక ఉండాలి. ఆ మేరే మర్యాద.

మండపేట పేరు వచ్చింది గనుక డొక్కా సీతమ్మగారిని తలుచుకోకుండా పోలేను. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా ఆవిడ గోదావరి పాయలు దాటి వేళ కాని వేళ వచ్చేవాళ్ళకి అన్నం పెట్టింది. వచ్చినవాళ్ళెవరని అడగలేదు, ఏం తెచ్చారని చూడలేదు. అతిథి అన్న మాటకి తిథి లేకుండా వచ్చేవాడని మనవాళ్ళు చెప్పే అర్థం ఆవిడ వాకిట్లో అక్షరాలా జరిగింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సంబరాలకి ఆహ్వానం వచ్చినా ఆవిడ వెళ్ళలేదనీ, ఆవిడ ఫోటో తీసుకుని వెళ్ళారనీ ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చక్రవర్తికి కూడా ఆవిడని చూడటం కావలసి వచ్చిందన్నది ఆ కథలో నాకు నచ్చే సంగతి. పి.గన్నవరంలో కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరుంది. 2024లో రాష్ట్రంలోని బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరు పెట్టారు. అలాంటి ఇంటికి ఏ కానుకా సరిపోదు. అయినా ఆ అన్నం తిన్నవాళ్ళు పోతూ పోతూ ఆవిడ పేరు తీసుకెళ్ళి ఊరూరా చెప్పారు, అందుకే మనదాకా వచ్చింది.

విడిది చేసి వెళ్ళిన తర్వాత కృతజ్ఞత చెప్పుకోవడం ఎలా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అమెరికాలో ఎమిలీ పోస్ట్ 1922లో అచ్చువేసిన మర్యాదల గ్రంథంలో, ఎవరింట్లోనైనా ఉండి వచ్చినవాళ్ళు ఆ ఇంటావిడకి రాయాల్సిన ఉత్తరం గురించి చెప్పారు. ఇంగ్లీషులో దానికి రొట్టె-వెన్న ఉత్తరమని ముద్దుపేరు. తిన్న రొట్టె, వెన్నలకి కృతజ్ఞత అన్నమాట. మనకి అలాంటి ఉత్తరం లేదని కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఉంది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, "మేము క్షేమంగా చేరాము" అని రాసే పోస్టుకార్డు. అందులో కృతజ్ఞత అన్న మాట కనిపించదు. రెండు వైపులా క్షేమం అని ముందు చెప్పుకున్నాకే మిగతా సంగతి అని ఆ మొదటి సమాసం అర్థం. ఇంటివాళ్ళు ఎదురుచూసేది ఆ ఒక్క కబురుకే. కారు వంతెన ఎక్కినప్పటి నుంచీ వాళ్ళ ధ్యాస రహదారి మీదే ఉంటుంది: లారీలెక్కువ, చీకటిపడింది, పిల్లాడికి నిద్ర వస్తోందేమో. "చేరాక ఒక్క ఫోన్ చెయ్యండి" అని గుమ్మంలో అన్నది మాటవరసకి అన్నది కాదు.

ఇప్పటి పిల్లలు వెళ్ళిన నాలుగు రోజులకి ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఎంచి ఇంటికి కొరియర్ పంపుతున్నారు, అమెరికాలో నేర్చుకున్న పద్ధతి కొంత, తీరిక లేకపోవడం కొంత. తప్పని అనను, ప్రేమతో పంపిందే. అయితే అది కానుక కాదు. చూపు లేదు అందులో. అట్టపెట్టె విప్పితే మన ఇంటికి సరిపడని ఒక పింగాణీ సామాను బయటపడుతుంది, అది బీరువా పైకి చేరుతుంది. పుట్టినరోజులకి, గృహప్రవేశాలకి రిటర్న్ గిఫ్ట్ పేరుతో పంచే ప్లాస్టిక్ డబ్బాల దారీ అంతే. చూడటానికి వెళ్ళేవాడు చూడబోయే మనిషిని ముందే ఒకసారి మనసులో చూసుకుంటే ఏం తీసుకెళ్ళాలో తెలిసిపోతుంది. కోనసీమకి అరటిపళ్ళు, కొబ్బరికాయలు మోసుకెళ్ళనక్కర్లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు మంచి ఎండుమిరపకాయలు తెచ్చినా, హైదరాబాదు వాళ్ళు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చినా ఆ సాయంత్రమే వాడకంలోకి వస్తాయి. రాయలసీమ నుంచి వచ్చేవాళ్ళు జొన్నలు తెస్తే మరీ మంచిది. షుగరు వచ్చి అన్నం తగ్గించుకోమన్న పెద్దవాళ్ళు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉన్నారు, జొన్నరొట్టె అలవాటు చేసుకుంటున్నారు.

ఈసారి జొన్నాడలోనో, మరో ఊళ్ళోనో చుట్టపుచూపుగా దిగేముందు ఇంటావిడకి ఏది ఇష్టమో ఒక్క నిమిషం ఆలోచించండి. అది చిన్నదే తీసుకెళ్ళండి, గుమ్మంలోనే ఇవ్వండి. వాళ్ళు డిక్కీలో పెట్టినవి వద్దనకండి. చేరిన వెంటనే, సామాను దించకముందే, ఫోన్ చెయ్యండి.